పరీక్షింపవలసినది పనిస్థలమును, పనివానిని కాదు

(బిలాస్‌పూర్ సదర్ బజారున జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున సమాఖ్య పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



వేతన సవరణ గురించియో, పింఛను గురించియో మేము మాట్లాడుదుమని మీరు ఎదురుచూచియుందురు. ఆ విషయములపై నివేదిక ఇదివరకే మీ చేతులలో ఉన్నది. మాకిచ్చిన ముప్పావుగంటను మేము ఉల్లిపాయ గురించి చెప్పుటకు వినియోగించుకొందుము. నవ్వవద్దు. ఈ సదర్ బజారులో బుట్టలకొద్ది అమ్ముడుపోవు ఈ వస్తువు, మన ఫైళ్ళలో ఏండ్ల తరబడి తేలకయున్న ఒక తగవులో సాక్షిగా నిలువగలదు.

ఆ తగవేమనగా, మన షెడ్లలో పనిచేసిన వారందరకు తెలిసినదే. షెడ్డు వెనుక ఒక మురుగుకాలువ పారుచుండును. డీజిలు, గ్రీజు, బ్యాటరీ గదిలోని ఆమ్లము, రంగుల గదిలోని ద్రావకములు, బోగీలు కడిగిన మందునీరు, అన్నియు అందులోనే కలియును. అక్కడివారు ఫిర్యాదు వ్రాయుదురు. కొన్ని మాసములకు జవాబు వచ్చును: నీటిని పరీక్షించినాము, అన్నియు నిర్ణీత పరిమితులకు లోబడియే ఉన్నవి. ముప్పది సంవత్సరముల సంఘ జీవితములో ఈ ఒక్క వాక్యమును ఎన్ని లేఖలలో చదివినామో లెక్కలేదు.

ఆ జవాబు అబద్ధమని మేము అనము. పరీక్షించినవారు తమకు చెప్పినదానిని పరీక్షించినారు. నీటిలో ఆమ్లత్వమెంత, చమురు ఎంత, కరగని మడ్డి ఎంత, ఫలానా లోహమెంత అని దేనికది విడిగా కొలిచినారు. దేనికది పరిమితిలోనే ఉండవచ్చును. అన్నియు కలిసి ఒక సజీవ కణమును ఏమి చేయుచున్నవో ఎవరును అడుగలేదు, కనుక ఎవరును చెప్పలేదు. మన పర్యావరణ పరిరక్షణ నియమములలో వ్యర్థజలములకు విధించిన సాధారణ ప్రమాణములలో ప్రాణితో చేయు పరీక్ష ఒక్కటే కలదు. నీరు కలుపని వ్యర్థజలములో చేపలను విడిచిపెట్టిన 96 గంటలకు నూటికి 90 చేపలు బ్రతికియుండవలెను. మంచి నియమమే. కాని నాలుగు దినములలో చేప చావలేదన్న మాటకు, ఆ చేప జన్యువులు చెడలేదన్న అర్థము లేదు. మనకు వచ్చు జబ్బులు నాలుగు దినములలో వచ్చునవి కావు. లండను నగరమున పొగగొట్టములు తుడిచిన బాలురకు పెద్దవారైన పిమ్మట వచ్చు కాన్సరుకు మసియే కారణమని పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు 1775లోనే వ్రాసినాడు. మసి అంటినది బాల్యమున, జబ్బు బయటపడినది యౌవనమున. ఆవిరి ఇంజన్ల కాలమున బొగ్గు ఎగదోసిన మన ఫైర్‌మన్లు, ఇంజనుకు చేరువగానున్న పెట్టెలలో రాత్రియంతయు ఉత్తరములు వేరుచేసిన ఆర్.ఎం.ఎస్. సోదరులు ఎందరు పదవీ విరమణ పిమ్మట ఏ జబ్బుతో పోయినారో లెక్క వ్రాసిన పుస్తకము ఏ కార్యాలయములోను లేదు. డీజిలు పొగ కాన్సరుకు నిశ్చిత కారణములలో ఒకటియని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2012లో ప్రకటించినది. ఆ పొగను అప్పటికే ఎన్ని ఏండ్లు పీల్చియుంటిమి!

జబ్బు రాకమునుపే, చెడుగు కణములో ఉండగానే పసిగట్టు ఉపాయము కావలెను. అదియే మొక్కలు చేయగల పని.

కణము ఒకటి రెండగునపుడు అందలి క్రోమోజోములు, అనగా జన్యువులను మోయు దారములు, సరిసమానముగా రెండు ప్రక్కలకు లాగబడును. మనుష్యుని కణములో అవి 46. ఉల్లి కణములో 16 మాత్రమే. అవియు మిక్కిలి పెద్దవి, సామాన్యమైన సూక్ష్మదర్శినిలోనే చక్కగా కనబడును. నీటిలోనో, గాలిలోనో ఉన్న విషము దారమును త్రెంచినచో ఆ తునక ఏ వైపునకును పోలేక నడుమ నిలిచిపోవును. కప్లింగు తెగి సెక్షను నడుమ నిలిచిన వ్యాగను వంటిదది. లాగు యంత్రాంగమే చెడినచో పూర్తి క్రోమోజోమే వెనుకబడును. అట్లు మిగిలినది ప్రధాన కేంద్రకము ప్రక్కన ఒక చిన్న చుక్కగా ముడుచుకొనును. దానిని సూక్ష్మకేంద్రకము అందురు. ఆ చుక్కలను లెక్కించుటయే ఈ పరీక్షలోని సారము. జన్యువులు నిర్మితమైన పదార్థము ఉల్లిలోను మనలోను ఒక్కటియే గనుక, ఉల్లిలో దారము త్రెంచునది మనలోను త్రెంచవచ్చునన్న అనుమానము న్యాయమైనదగును.

స్వీడనులో ఆల్బర్ట్ లెవాన్ అను శాస్త్రజ్ఞుడు 1938లో కోల్చిసిన్ అను మందు ఉల్లివేళ్ళపై చేయు పనిని పరిశీలించుచు ఈ పద్ధతికి పునాది వేసినాడు. ఆ దేశముననే గైరిడ్ ఫిస్కెస్యో 1985లో దానిని పర్యావరణ పరీక్షకు ప్రామాణిక పద్ధతిగా తీర్చినది. ఇవి దూరపు మాటలుగా తోచవచ్చును. దగ్గరి మాట చెప్పెదము.

మనలో అనేకుల స్వగ్రామములు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఉన్నవి. ఇచ్ఛాపురము దాటి కలకత్తా మార్గమున పోయిన వారికి బరంపురము, ఛత్రపురము, గంజాము, హుమ్మా స్టేషన్లు తెలియును. తెలుగువారు తరతరములుగా నివసించు సీమ అది. అచ్చట ఋషికుల్యా నది సముద్రములో కలియు చోట ఉప్పు పండును. ఉప్పునీటిని విద్యుత్తుతో విడదీసి కాస్టిక్ సోడాను, క్లోరినును తీయు కర్మాగారమొకటి గంజాము వద్ద నెలకొన్నది. ఆనాటి పద్ధతిలో ఈ పనికి పాదరసము వాడెడివారు. వాడిన పాదరసమంతయు తిరిగి చేతికి వచ్చెడిది కాదు. కొంత మడ్డితో బయటకు పోయెడిది, కొంత నీటితో నదీముఖమునకు పోయెడిది.

బరంపురం విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖలో ఆచార్య బి.బి. పండా, ఆయన సహచరులు 1980ల చివరి భాగమునను, 1990ల ఆరంభమునను ఈ మడ్డిని, ఆ నేలను, ఆ నీటిని పరిశీలించినారు. వారి పనిముట్టు ఉల్లిపాయ. మడ్డిలో ఉల్లిని నాటి, వేళ్ళలోనికి ఎంత పాదరసము ఎక్కినదో కొలిచినారు. ఆ వేళ్ళ కణములలో సూక్ష్మకేంద్రకములెన్నో లెక్కించినారు. మడ్డి కలిసిన పొలపు మట్టిలో బార్లీని పెంచి చూచినారు. కర్మాగారపు వ్యర్థజలమును, నదీముఖపు నీటిని గూడ పరీక్షకు తెచ్చినారు. పాదరసము వేళ్ళలోనికి ఎక్కుచున్నదని, కణములను చెరచుచున్నదని తేలినది.

ఇందులో మనము గట్టిగా పట్టుకొనవలసిన అంశములు రెండు కలవు. రసాయన పరీక్ష ఆ మడ్డిలో పాదరసము ఎంత ఉన్నదో చెప్పగలదు. ఉన్నదానిలో ప్రాణిలోనికి పోవునది ఎంత, పోయి చేయునది ఏమి అన్న ప్రశ్నకు ఉల్లి మాత్రమే జవాబిచ్చినది. మన తగవు సరిగ్గా ఈ రెండవ ప్రశ్నపైననే. ఇక రెండవ అంశము. చెడుగు చేసినది పాదరసమేనా, మడ్డిలోని మరియొకటియా అని వాదము వచ్చును గదా. వారు గంధకముగల సిస్టీన్ అను పదార్థమును కలిపి చూచినారు. అది పాదరసమును పట్టి బంధించును. కలిపినంతనే ఉల్లికి కలుగు చెరుపు తగ్గినది. దోషి ఎవరో సాక్షి వ్రేలు చూపినట్లయినది. పెద్ద యంత్రములు లేకయే ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఇంత పని జరిగినది. పాదరసముతో క్లోరిను తీయు పద్ధతి మానవలెనని అనేక దేశములు 2013లో మినమాటా ఒప్పందమున అంగీకరించినవి. ఉల్లి ఒక్కటే ఇంత సాధించినదని మేము అనము. సాక్ష్యము చిన్నచిన్న చోట్ల కూడుటవలననే పెద్ద తీర్పులు వచ్చునని మాత్రము అందుము.

నీటికి, మట్టికి ఉల్లి. గాలికి ట్రాడెస్కాన్షియా అను మొక్క. పేరు నోరు తిరుగనిదైనను దాని చుట్టము మీకు పరిచితమే. మన ప్లాట్‌ఫారముల కుండీలలో ఊదారంగు ఆకులతో, లేత గులాబి పూలతో పెరుగు మొక్క ఆ జాతిదే. అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు 4430 అను సంఖ్యగల సంకర జాతిని వాడినారు. దాని పూలు నీలము. పూవు నడుమ కేసరములపై సన్నని రోమములు ఉండును. ఒక్కొక్క రోమము కణముల వరుస. నీలి రంగునిచ్చు జన్యువు చెడిన కణము గులాబి రంగుగా మారును. నీలి వరుసలో గులాబి కణములెన్నో లెక్కించినచో గాలి సంగతి తెలియును. 1970లలో వారు ఈ మొక్కలను ఒక బండిలో పెట్టుకొని, చమురు శుద్ధి, రసాయన కర్మాగారములున్న పట్టణములకు తీసికొనిపోయి పరీక్షించినారు. బ్రెజిలు దేశమున సావో పాలో నగరములో, ఇప్పుడు చెప్పిన ఊదా ఆకుల మొక్కనే వాడి, మోటారు వాహనముల రద్దీ గల తావులలో సూక్ష్మకేంద్రకములు హెచ్చుగానున్నట్లు కనుగొన్నారు. వారికి బండి కావలసివచ్చినది. మనకు ప్రతి కొలది మైళ్ళకు ఒక స్టేషను, దేశమంతట 1,60,000కు పైగా తపాలా కార్యాలయములు ఇదివరకే ఉన్నవి. కోర్బా నుండి బొగ్గు రేకులు వచ్చు మార్గమున ప్రతి స్టేషనులోను ఒక కుండీ ఉన్నచో ఎట్లుండునో ఊహింపుడు.

చెర్నోబిల్ ప్రమాదము 1986లో జరిగినది. ఉక్రెయినులో ప్రజలు ఇంకను నివసించుచున్న గ్రామముల మట్టిని తెచ్చి ఉల్లితో పరీక్షించిన ఫలితములు 1998లో వెలువడినవి. మట్టిలో కాలుష్యము హెచ్చిన కొలది వేరుకణములలో దోషములు హెచ్చినవి.

ఇంతవరకు ఉల్లి పక్షమున మాట్లాడినాము. అది చెప్పజాలని దానిని గూడ చెప్పుట మా బాధ్యత; ఏలననగా, హద్దుమీరిన ఒక్క మాట ఎదుటి పక్షమునకు దొరికినచో తక్కిన పది సత్యములు కొట్టుకొనిపోవును. ఉల్లికి కాలేయము లేదు. కొన్ని పదార్థములు మన శరీరములోనికి పోయి కాలేయములో మార్పు చెందిన పిమ్మటనే విషములగును. కొన్ని అచ్చటనే విరిగి నిరపాయమగును. మొక్కలోని మార్పులు వేరు. మేలిక్ హైడ్రజైడ్ అను మందు మొక్కల క్రోమోజోములను తీవ్రముగా త్రెంచును. క్షీరద జంతువులలో దాని ప్రభావము స్వల్పము. కనుక ఉల్లివేరు చెడినది, కావున మాకు కాన్సరు వచ్చునని ఎవరును వ్రాయరాదు. ఉల్లివేరు చెడినది, కావున ఈ నీటిలో ఏమున్నదో వెదకి చెప్పుడు, చెప్పువరకు మమ్ములను దీనికి దూరముగా ఉంచుడు అని వ్రాయవలెను. ఈ రెండు వాక్యముల నడుమ భేదమును ప్రతి శాఖా కార్యదర్శియు కంఠస్థము చేయవలెనని మా ప్రార్థన.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాము. జన్యువుల చెరుపును మనుష్యుని రక్తములోనే నేరుగా చూడవచ్చును గదా, ఉల్లి ఎందుకని చదువుకొన్న యువ సోదరులు అడుగుదురు. చూడవచ్చును, తెల్ల రక్తకణములలో ఇవే చుక్కలను లెక్కించు పద్ధతి కలదు. కాని రైల్వేలో వైద్యపరీక్ష యన్నంతనే మనవాని గుండె ఏల దడదడలాడునో మీకు వివరింప నక్కరలేదు. ఏ-1 నుండి సి-2 వరకు వైద్యశ్రేణులు ఉన్నవి. శ్రేణి తప్పినవాడు ఇంజను దిగును, గ్యాంగు వీడును, చేతికి దొరకిన బల్ల ముందు కూర్చుండును. రక్తములో దోషము కనబడినదని వ్రాసిన కాగితము ఉద్యోగి చేతిలో ఆయుధము కాదు, ఉద్యోగిపై ఆయుధము కాగలదు. కాలువ అట్లే పారుచుండును, మనిషి మాత్రము మారును. వాని స్థానమున నూతనముగా వచ్చు యువకుడు అదే నీటిలో చేతులు ముంచును.

ఉల్లిపాయకు వైద్యశ్రేణి లేదు. దాని వేరు చెడినచో దోషము నీటిదే. ఉల్లి తండ్రికి జబ్బున్నదనియు, ఉల్లి బీడీ త్రాగుననియు ఎవరును అనజాలరు. మనుష్యుని పరీక్షించుటకు ముందు స్థలమును పరీక్షింపవలెనని, మనుష్యుని రక్తపరీక్ష అతని సమ్మతితోను, ఫలితము వలన ఉద్యోగహాని, వేతనహాని లేకుండు హామీతోను మాత్రమే జరుగవలెనని మేము కోరుచున్నాము. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్ స్టేషనులో విధిలోనున్న మన సోదరులనేకులు ప్రాణములు కోల్పోయినారు. ప్రక్కనున్న కర్మాగారములో ఏ విషమున్నదో వారికెవరును ముందు చెప్పియుండలేదు. ఆ పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ప్రమాదకర పనులు జరుగు చోట కార్మికునకు సమాచారము తెలియు హక్కును, భద్రతా సంఘమున స్థానమును చేర్చినారు. ఆ చట్టము స్థానమున 2020 నాటి కోడు తెచ్చినారు గదా అని ఆ కోరికను మనము మానవలసిన పనిలేదు.

ఇప్పుడు ఈ బల్లపైనున్న గ్లాసులను చూడుడు. సంతలో కొన్న చిన్న ఉల్లిపాయలు, ఎండిన వేళ్ళను గోకివేసి, అడుగుభాగము మాత్రము నీటికి తగులునట్లు గ్లాసుల మూతిపై నిలిపినాము. రెండు మూడు దినములలో తెల్లని వేళ్ళు దిగును. మంచినీటిలో వేరు ఎంత పొడవు పెరిగినది, కాలువనీటిలో ఎంత పెరిగినది అన్నది స్కేలుతో కొలువవచ్చును. ఇది ఎవరైనను చేయగలరు. పిమ్మట వేరుకొనలను త్రుంచి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లముల మిశ్రమములో ఉంచి, రంగువేసి, గాజుపలకపై నొక్కి సూక్ష్మదర్శినిలో చూడవలెను. ఇది నేర్చినవారి పని. ఆ నేర్చినవారు ఎవరో కాదు. వృక్షశాస్త్రము తీసికొన్న మన బిడ్డలు కళాశాల ప్రాక్టికలులో చేయుచున్నది ఇదే పని. కణవిభజన చూచుటకు ఉల్లివేరును నొక్కని విద్యార్థి లేడు. వారి అధ్యాపకుని సమక్షమున జరిగినచో లెక్కకు విలువ కలుగును.

కొన్ని జాగ్రత్తలు కలవు. ఉల్లివేరుకు ఇరువది డిగ్రీల చుట్టును ఉండు చల్లదనము కావలెను. బిలాస్‌పూరు మే నెల ఎండలో అది నీటి దోషము లేకయే వాడిపోవును. కనుక కార్తీకమునకు ముందు ఆరంభింపరాదు. పోలికకు వాడు మంచినీరు అప్పుడే పట్టిన కుళాయినీరు కారాదు, అందలి క్లోరినే వేరును బాధించును. మొలకెత్తకుండుటకు కిరణములతో శుద్ధిచేసిన ఉల్లి పనికిరాదు. మహారాష్ట్రలో లాసల్‌గావ్ వద్ద 2002లో అట్టి కేంద్రము నెలకొన్నది. ప్రతి సీసాకు ఐదారు పాయలు, ప్రతి నమూనాకు వేలకొలది కణములు చూడనిదే లెక్కను నమ్మరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, లెక్కించువానికి ఏది ఏ సీసాయో తెలియరాదు. తెలిసినచో మనస్సు కోరినదే కన్నులకు కనబడును. ఇచ్చటనే తపాలా సోదరుల అవసరము కలుగుచున్నది. రిజిస్టరు సంఖ్య వేయుట, లక్కముద్ర వేయుట, ముద్ర చెదరినదా యని చూచుట వారికన్న ఎరిగినవారు లేరు. సీసాలను రైల్వేవారు నింపవలెను. సంఖ్యలు తపాలావారు వేయవలెను. సంఖ్యల జాబితా లెక్క పూర్తియగువరకు తపాలా శాఖా కార్యదర్శి వద్దనే ఉండవలెను. రేపు ఏ విచారణలోనైనను ఈ ముద్రయే మనలను కాపాడును.

సమాఖ్య ఆలోచించినది ఇది. బోగీలు కడుగు లైను వద్ద ఒక సీసా, షెడ్డు కాలువ మొదట ఒకటి, ఆ కాలువ అర్పా నదిలో కలియు చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, కాలనీ మంచినీటి బావి నుండి ఒకటి. అర్పా శివనాథ్‌లో కలియును, శివనాథ్ మహానదిలో కలియును. మన కాలువ మన ప్రహరీ లోపలనే ఆగునది కాదు. అదే దినమున, ఇదివరకు జరిగిన నీటి పరీక్షల నివేదికల ప్రతులను 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కోరుచు దరఖాస్తు పెట్టవలెను. మన లెక్క వచ్చునప్పటికి వారి లెక్కయు ప్రక్కన ఉండవలెను.

గాజుసీసాలు ఒక్కొక్కటి అరలీటరువి, నూనెగాని మందుగాని మునుపు పోయనివి, గట్టి మూత గలవి తేవలెను. పేర్లు ఇచ్చు రైల్వే సోదరులు కుడిప్రక్కనున్న బల్ల వద్దను, తపాలా సోదరులు తలుపు వద్దను వ్రాయించుకొనవలెను. వృక్షశాస్త్రము చదువుచున్న కుమారులు, కుమార్తెలు గలవారు కళాశాల పేరు, తరగతి గూడ వ్రాయింపుడు. సీసాలు నింపు దినము దీపావళి గడిచిన పిమ్మట మొదటి ఆదివారము, ఉదయము 7 గంటలకు.